జగ్గయ్యపేట శాసనమును వ్యాకరణశోధక యంత్రములును

జగ్గయ్యపేట, నందిగామ పట్టణములు కృష్ణామండలపు మెట్టసీమలోనివి. 2022లో నివి ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరినవి. జగ్గయ్యపేట చెంత ధనంబోడను దిబ్బపైఁ గల బౌద్ధస్తూప శిథిలములను 1882లో జేమ్సు బర్జెసు పరిశోధించెను. అచటి స్తంభశాసనములను బ్యూలరు పండితుఁడు చదివి ప్రకటించెను. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, అనఁగా క్రీ. శ. 3వ శతాబ్దిలో, నాకచందుని కుమారుఁడగు సిద్ధార్థుఁడను శిల్పి వెలగిరి మహాచైత్యపుఁ దూర్పు వాకిట 5 ఆయకస్తంభములను నిలిపెనని వానియందుఁ గలదు.

శాసనభాష ప్రాకృతము. అది రాజశాసనములకును సంఘారామములకును దగిన భాష. ఈ సీమలోని సామాన్యుల యింటిభాష వేఱని తలంచుటకు శాసనమునందే యాధారము కలదు. శిల్పి తండ్రి గ్రామమును 'నడతూరే' యని చెక్కిరి. అందలి 'ఊరు' ద్రావిడపదము. దానిపైఁ జేరిన 'ఏ' ప్రాకృత సప్తమీవిభక్తి. మఱియు 'బుద్ధుని' యను నర్థమున 'బుధస' యని యున్నది. పాళివ్యాకరణము ననుసరించి 'బుద్ధస్స' యని యుండవలెను. కాని ద్విత్వమును వ్రాయకుండుట యానాఁటి లేఖకుల యాచారము గావున దానిని దోషమనుట తగదు.

పరభాషలో వ్రాయువారి రచనను బరీక్షించునపు డీ వివేకమే నేఁడును వలయును. ఇంగ్లీషు రచనను శోధించు యంత్రములలో 'గ్రమాటిక్' 1981లో వెలువడెను. 'వర్డ్ 97' వ్రాయుచుండఁగనే సందిగ్ధవాక్యముల క్రింద నాకుపచ్చని గీఁతలు గీచెను. 2009లో 'గ్రామర్లీ' యేర్పడెను. తొలియంత్రములు వాక్యమును సిద్ధసూత్రములతోఁ బోల్చెడివి. తరువాతివి విస్తారమైన లిఖితరాశి నుండి వాడుకను గణించి సవరణ సూచించును.

నందిగామ బాలుఁడు 'నిన్ననే వచ్చితి' నను భావమున 'ఎస్టర్‌డే ఓన్లీ' యని వ్రాసినచో యంత్రము గీఁత గీయవచ్చును. తెలుఁగులోని యవధారణార్థకమగు 'ఏ' కారమునకు బదులుగా నాపదము వచ్చెనని సామాన్యముగాఁ జెప్పదు. 'ది' యను పదము విడిచిన చోటును జూపును; తెలుఁగున నట్టిపదము లేమిచే విడిచెనని చెప్పదు. ఈ కారణము నెఱుఁగువాఁడు గురువు.

పరభాషారచనలో వ్యాకరణదోషములను దిద్దుట నిష్ఫలమని 1996లో జాన్ ట్రస్కాట్ వాదించెను. 1999లో డానా ఫెర్రిస్ ప్రతివాద మొనర్చెను. ఆ వాదము గురువుల దిద్దుబాటును గూర్చినది. అయినను యంత్రము దిద్దిన ప్రతి మాత్రమే గురువు చేతికి వచ్చునపుడు చిక్కు మఱింత పెరుఁగును. బాలుఁడెచట తడఁబడెనో, యేల తడఁబడెనో యా ప్రతియందుఁ గానరాదు.

సిద్ధార్థుని శాసనమును బాళికి సరిపెట్టి యచ్చువేసినచో 'బుధస'తో లేఖకాచారము మఱుఁగుపడును. 'నడతూరే' యను రూపమును మార్చినచో నీ సీమ పలుకుబడి జాడయే పోవును. అందుచేతనే శాసనపరిష్కర్తలు ఱాతిమీఁది పాఠమును యథాతథముగా నుంచి, సవరణను వేఱుగాఁ జూపుదురు. తరగతిగదిలోను నీ క్రమమే మేలు. బాలుని తొలిప్రతి నిలువవలెను. యంత్రము సందేహమును జూపవలెను. గురువు కారణమును జెప్పవలెను. సవరణ బాలుఁడే చేయవలెను.