పిడి ఊడిన కత్తి

మా ఇంట్లో ఈ కత్తి వయసు ఎవరికీ సరిగ్గా తెలీదు. అవ్వ కాపురానికి వచ్చేటప్పటికే వంటింట్లో ఉండిందట. పోయిన పొంగల్‌కి కోయంబత్తూరు వెళ్ళినప్పుడు చెరుకు నరకబోతే పిడి నిలువునా చీలింది. "పారేసి కొత్తది కొనరా" అన్నాడు చిన్నాయన. నాకు మనసొప్పలేదు. పాత పంచెలో చుట్టి బెంగళూరు తెచ్చేశాను.

నేను చదివింది కన్నడ మీడియంలో. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నా, తప్పులుంటే సర్దుకోండి. అందులో ఒక లాభమూ ఉంది. కూరలు తరిగే పీటని మా ఇంట్లో అరవం మాదిరి "అరువామణ" అంటారు. స్కూల్లో నా స్నేహితుల ఇళ్ళలో అది "ఈళిగె మణె". ఆంధ్రాలో ఈలపీట అంటారని తెలిసిన రోజు నవ్వొచ్చింది. మన పాత మాట కన్నడంవాళ్ళ ఇంట్లో భద్రంగా ఉంది, మన వంటింట్లోనే లేదు. ఉక్కు మాత్రం తెలుగులోనూ కన్నడంలోనూ ఉక్కే. 1790లలో ఇంగ్లీషువాళ్ళు "వూట్జ్" అని రాసుకున్నది ఈ మాటనే అంటారు.

మన కులసభల్లో ఒక మాట వింటుంటాం, మనవాళ్ళు వచ్చాకే ఈ సీమకి కత్తి వచ్చిందని. నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం కాబట్టి ఇదీ వెతికి చూశాను. నిలబడదు. కోయంబత్తూరు మీదుగా పారే నొయ్యల్ ఏటి ఒడ్డునే, చెన్నిమలై దగ్గర కొడుమణల్‌లో తవ్వితే రెండువేల ఏళ్ళ కిందటి ఇనుము, ఉక్కు పనుల ఆనవాళ్ళు దొరికాయి. విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చింది 1529 ప్రాంతంలో. అంటే మనకంటే ఎంతో ముందు ఇక్కడ కొలుములు మండాయి. అట్లాగని మనవాళ్ళకి పని రాదని కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగిస్తే పర్షియా వ్యాపారులు అక్కడికే వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. హెన్రీ వాయిసీ రాసిన ఆ వివరం 1832లో అచ్చయింది.

కట్టబొమ్మన్‌ని కయత్తారులో ఉరితీసింది 1799 అక్టోబర్ 16 అని మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. 1801లో పాళెగాళ్ళ యుద్ధం ముగిశాక కుంఫిణీవాళ్ళు కోటలు పడగొట్టి, ఆయుధాలు పట్టరాదన్నారు. యుద్ధపు కత్తి పోయింది. ఇంటి కత్తి, కొడవలి, అరువాలు మిగిలాయి. వాటిని చేసినవాళ్ళ పేర్లు మన వంశావళుల్లో ఎక్కడా లేవు. నాకు ఇది సిగ్గుగానే ఉంది.

బెంగళూరులో అడిగిన ప్రతిచోటా ప్లాస్టిక్ పిడి వేస్తామన్నారు. చివరికి మదురై అత్త చెప్పింది, తిరుప్పాచేత్తికి పొమ్మని. మదురై నుంచి మానామదురై దారిలో, వైగై ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి అరువాలు తమిళ సినిమాల్లో రౌడీల చేతిలో పడి పేరు చెడింది గానీ, కొబ్బరికాయ కొట్టేవాడికి, అరటిగెల కోసేవాడికి అదే పనిముట్టు. ఇప్పుడు ఎక్కువగా లారీ స్ప్రింగు పట్టీలు కాల్చి సాగగొడతారు.

కొలిమి దగ్గర పెద్దాయన కత్తిని వెలుతుర్లో తిప్పి చూశాడు. "ఇది పట్టీ కాదు తంబి. మెత్తని ఇనుము మధ్యన ఉక్కు పెట్టి అతికించినారు, అంచుకి మాత్రమే" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. స్వీడన్ వెళ్ళిన స్నేహితుడు మోరా ఊరి కత్తి తెచ్చి చూపించినప్పుడు ఇదే మాట చెప్పాడు. అక్కడి పాతరకం కత్తుల్లోనూ మధ్యలో గట్టి ఉక్కు, రెండు పక్కలా మెత్తని ఇనుము. గట్టిది పదును నిలుపుతుంది, మెత్తది విరగనీదు. పిడి వాళ్ళకి బర్చి చెక్క, మనకి చింత, తుమ్మ. దుప్పి కొమ్ము పిడులు కూడా ఒకప్పుడు ఉండేవి. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వాటి జోలికి పోకూడదు.

పెద్దాయన చింతచెక్క తీసుకున్నాడు. ముందు సన్నగా బెజ్జం వేసి, కత్తి వెనక ఉన్న మొనని ఎర్రగా కాల్చి అందులోకి దించాడు. గుప్పున పొగ, చింతచెక్క కాలిన వాసన. చెక్క తనంతట తానే కాలి మొనకి సరిపడా చోటిచ్చింది. తీసి చల్లార్చి, బెజ్జంలో లక్కపొడి పోసి, మళ్ళీ వేడిచేసి దిగ్గొట్టాడు. పాత పిడి పొన్నునే దీనికీ తొడిగాడు, ఇత్తడిది.

"ఎవరు చేసింది ఇది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అవ్వ చేతిలో పెడితే బొటనవేలు ఆనించి చూసి, "పిడి లావైంది" అంది. మళ్ళీ ఒకసారి చెక్కించాలి.