ముగింపు తరువాతి చరిత్ర: 'మాభూమి', 'లాంగ్ ఇస్ట్ డేర్ వేగ్' చిత్రాలు

చరిత్రాత్మక చలనచిత్రం కథను ఎక్కడ ముగిస్తుందనేది శిల్పానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. విముక్తి దినంతో కథ ముగిస్తే, ఆ తరువాత బాధితులు అనుభవించినది చరిత్రలో చోటు చేసుకోదు. యుద్ధానంతర జర్మనీలోని యూదుల స్థితిని చూపిన 'లాంగ్ ఇస్ట్ డేర్ వేగ్' (1948), తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటాన్ని చూపిన 'మాభూమి' (1979) చిత్రాలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. సుమారు 60 లక్షల యూదుల సంహారానికి తెలంగాణ చరిత్రలో సాదృశ్యం లేదు. ఇక్కడ పోల్చుతున్నది రెండు చిత్రాల ముగింపులను మాత్రమే.

దారి సుదీర్ఘమైనదని అర్థమిచ్చే శీర్షికగల జర్మన్ చిత్రానికి హెర్బర్ట్ ఫ్రెడర్స్‌డార్ఫ్, మారెక్ గోల్డ్‌స్టైన్ దర్శకులు. ప్రధాన పాత్రధారి ఇజ్రాయెల్ బెకర్ రచనలోనూ పాలుపంచుకున్నాడు. పాత్రలు యిడ్డిష్, పోలిష్, జర్మన్ భాషలు మాట్లాడుతాయి. 1945 మే 8న జర్మనీ లొంగిపోయింది; కథ మాత్రం ఆగలేదు. కుమారుడు తల్లిని వెతుకుతాడు. ప్రాణాలతో మిగిలినవారు తమను హింసించిన దేశంలోనే, నిర్వాసితుల శిబిరాల్లో ఎదురుచూస్తారు.

కృషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణ భాగస్వామ్యంతో వచ్చిన 'మాభూమి' సైతం 1948 సెప్టెంబరు 17తో ముగియదు. నిజాం పాలన అంతరించినా, పారిపోయిన దొర కొత్త పాలకుల అండతో గ్రామానికి తిరిగివస్తాడు. భూమి పంచుకున్న రైతులపై సైన్యం విరుచుకుపడుతుంది. వాస్తవంలోనూ పోరాట విరమణ ప్రకటన 1951 అక్టోబరులో గాని రాలేదు.

ఈ ముగింపుకు నిర్మాణకాలపు నేపథ్యం గమనింపదగినది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెలలో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. కమాన్‌పూర్, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతం నాడు ఆ కరీంనగర్ జిల్లాలోనిదే. అక్కడి పల్లె ప్రేక్షకునికి, గని కార్మికునికి తెరమీది దొర గతించిన కాలపు మనిషి కాడు.

అయితే 'మాభూమి'కి పరిమితి ఉన్నది. ముస్లిం కార్మిక నాయకుని పాత్ర ద్వారా అది నిజాం ప్రభుత్వాన్నీ, ముస్లిం సామాన్యులనూ వేరుచేసి చూపింది. పోలీసు చర్య సమయంలో, తరువాత హైదరాబాదు రాష్ట్రంలో 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. వీరిలో అత్యధికులు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బహిరంగం కాలేదు. చిత్రం ఎంచుకున్న రైతు దృష్టిలోకి ఈ మరణాలు రాలేదు.

జర్మన్ చిత్రంలో బాధితులే మూడేళ్లకు తమ కథ చెప్పుకోగలిగారు. 'మాభూమి'లో రైతు కథ తెరకెక్కడానికి 31 ఏళ్లు పట్టింది. ముస్లిం బాధితుని కథకు ఆ తెరపై చోటు దొరకలేదు. కనుక 1948ని చిత్రించే చలనచిత్రాన్ని పరిశీలించేవారు అది ఏమి చూపిందనే గాక, ఏ తేదీ దగ్గర ఆగింది, ఆ తేదీ తరువాత ఎవరిని విడిచిపెట్టిందని కూడా అడగవలసి ఉన్నది.