గోడలు పాడవుతున్నాయని పెట్టిన బడి

పిల్లలకి సర్దుకోవడం ఎలా నేర్పాలి అంటే మన ఇళ్ళల్లో రెండే పద్ధతులు. ఒకటి కేకలెయ్యడం, రెండోది "సర్దితే చాక్లెట్ ఇస్తా" అనడం. ఈ రెండూ లేకుండానే ఓ యాభై మంది పిల్లలు సర్దుకోవడం మొదలెట్టిన కథ ఒకటుంది. మాంటిస్సోరి అన్న పేరు అందరికీ తెలుసు. మనవాళ్ళ పిల్లలు బోలెడంతమంది ఆ బోర్డున్న బళ్ళకే వెళ్తారు కూడా. కానీ ఆ కథ మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు నేను.

రోమ్ నగరంలో సాన్ లోరెంజో అని ఒక పేట. 1880ల్లో అక్కడ రియల్ ఎస్టేట్ ఊపొచ్చి, ఆ దశాబ్దం చివర్లో ఢమాల్మంది. సగం కట్టి వదిలేసిన మేడల్లోకి పేదవాళ్ళు చేరారు. తర్వాత ఒక కంపెనీ వాటిని బాగుచేసి కూలీ కుటుంబాలకి అద్దెకిచ్చింది. తల్లీతండ్రీ పనికెళ్తే, బడి వయసు రాని పిల్లలు మెట్లమీదా కొత్త గోడలమీదా ప్రతాపం చూపించేవారు. కంపెనీ పెద్ద ఎదోఆర్దో తలామోకి ఒక ఆలోచన వచ్చింది. వీళ్ళందర్నీ ఒక గదిలో కూర్చోబెడితే మరమ్మతుల ఖర్చు మిగులుతుంది కదా అని! అంటే మొదలు పిల్లల వికాసం కాదండీ, మెయింటెనెన్స్ బడ్జెట్ :)

ఆ గది బాధ్యత తీసుకున్నది మరియా మాంటిస్సోరి. టీచరు కాదు, 1896లో పట్టా పుచ్చుకున్న డాక్టరు. 1907 జనవరి 6న గది తెరిచారు.

మొదట్లో ఆటవస్తువులూ బోధన సామగ్రీ పెద్ద అల్మరాలో పెట్టి తాళం వేసేవారు. టీచరు తీసి పంచాలి, అయిపోయాక ఆవిడే ఏరి లోపల పెట్టాలి. ఆవిడ సర్దుతుంటే పిల్లలు లేచి చుట్టూ మూగేవాళ్ళు. వెళ్ళి కూర్చోమంటే వెళ్ళేవాళ్ళు, మళ్ళీ వచ్చేవాళ్ళు. అల్లరనుకుంది ఆవిడ. మాంటిస్సోరి కాసేపు చూసి, వీళ్ళకి కావలసింది వస్తువు కాదు, దాన్ని చోట్లో పెట్టే పని అని గ్రహించింది. సరే, మీరే పెట్టండి అంది. అంతే. ఇంకోరోజు తాళం వెయ్యడం మర్చిపోయారు. టీచరు వచ్చేసరికి పిల్లలు ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని పనిలో పడ్డారు. ఆవిడకి అది దొంగతనంలా కనిపించింది. మాంటిస్సోరికి మాత్రం ఏ వస్తువు ఎక్కడుంటుందో వీళ్ళకి బాగా తెలుసు అని అర్థమైంది. పెద్ద అల్మరా పోయి, పిల్లల చేతికందే పొట్టి అరలొచ్చాయి.

ఈ కథలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ఆ పద్ధతిలో ఒక్కో వస్తువూ గదికి ఒకటే. ఇంకొకడికి కావాలంటే మొదటివాడు వాడుకుని దాని చోట్లో పెట్టేదాకా ఆగాలి. మన భాషలో చెప్పాలంటే అది లాక్ తీసుకోవడం, వదలడం. వదలకపోతే వెనకాల అందరూ ఆగిపోతారు. కాబట్టి సర్దడం అనేది అమ్మ కోసం చేసే మంచిపని కాదు, పక్కవాడి వంతు. మన ఇంట్లో ముప్ఫై కార్లు ఒకే బుట్టలో గుమ్మరించి "దేని చోట్లో అది పెట్టు" అంటే ఏ చోటని వాడు పెడతాడు?

కుర్చీలు కూడా తేలికవే చేయించారు. తగిలితే చప్పుడుతో పడాలి, అప్పుడే జాగ్రత్త తెలుస్తుందని. నాలుగేళ్ళవాళ్ళు బల్లలు తుడిచేవారు, భోజనాలప్పుడు సూపు గిన్నెలు మోసి వడ్డించేవారు. మగపిల్లాడు, ఆడపిల్ల అన్న తేడా లేదు. ఇక్కడే నాకు మన ఫ్లాట్లు గుర్తొస్తాయి. మూడేళ్ళవాడు ఇష్టంగా చీపురు పట్టుకుంటే "ఛీ, అవతల పడేయ్, పనమ్మాయి ఊడుస్తుంది" అని లాక్కుంటాం. పదేళ్ళకి వాడు పళ్ళెం తియ్యలేదని తిడతాం. పన్నెండేళ్ళ అక్క చేత మాత్రం తీయిస్తాం. ఆ పనమ్మాయికీ పిల్లలుంటారు, సాన్ లోరెంజో గది అలాంటి పిల్లల కోసమే పెట్టింది.

మాంటిస్సోరి మన దగ్గరికీ వచ్చింది. 1939లో జార్జ్ అరండేల్ పిలుపు మీద మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి, మూడు వందలమందికి పైగా శిక్షణ ఇచ్చింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆవిడ కొడుకు మారియోని నిర్బంధించి, ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజుకి విడిచిపెట్టింది. కొన్ని నెలలకని వచ్చిన మనిషి 1946 దాకా ఇక్కడే ఉండిపోయింది.

అన్నట్టు ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అడ్మిషన్ కోసం వెళ్ళినప్పుడు ఏసీ, బస్సు సంగతి తర్వాత అడగొచ్చు. ముందు వస్తువులుండే అరలు ఎంత ఎత్తులో ఉన్నాయో, వాటికి తాళాలున్నాయో లేవో చూడండి.