మద్యవ్యసన విముక్తి సమావేశాలు: వెలిమెల – పటాన్‌చెరు ప్రాంతం

మద్యం మానదలచినవారూ, మానినవారూ ఒకచోట కూడి, తమ తాగుడు గురించి దాపరికం లేకుండా చెప్పుకొంటూ, మళ్లీ గ్లాసు ముట్టకుండా ఒకరికొకరు ఆసరాగా నిలిచే కూటములను సహాయ బృందాలని వ్యవహరిస్తారు. వీటిలో అత్యధికంగా విస్తరించినదీ, ఎ.ఎ. అనే పొడి అక్షరాలతో పరిచితమైనదీ ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో, షేర్ మార్కెట్ రంగానికి చెందిన బిల్ విల్సన్, శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్ ప్రారంభించిన ఈ ఉద్యమం 1957లో భారతదేశానికి చేరింది. సభ్యత్వానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. రుసుము లేదు, హాజరుపట్టీ లేదు, ఇంటిపేరు అడిగేవారు లేరు.

సమావేశం సాధారణంగా గంట, గంటన్నర సాగుతుంది. మాట్లాడదలచినవారు తమ పేరు మాత్రం చెప్పి, తాము ఆల్కహాలిక్ అని ఒప్పుకొని, తమ కథ చెబుతారు. మధ్యలో అడ్డు తగలడం, ముగిశాక సలహాలు గుప్పించడం అక్కడి పద్ధతి కాదు. గది అద్దెకూ టీ ఖర్చుకూ చివర్లో తోచినంత వేస్తారు, వేయకపోయినా అడగరు. కొత్తవారికి తోడుగా ఉండే పాత సభ్యుణ్ణి స్పాన్సర్ అంటారు. తాగాలనిపించిన క్షణంలో ఫోన్ చేయగలిగిన మనిషి అతడే. బంధువులకూ ఆసక్తిపరులకూ ప్రవేశముండే సమావేశం ‘ఓపెన్’, మద్యంతో బాధపడేవారికి మాత్రమే పరిమితమైనది ‘క్లోజ్డ్’.

సంగారెడ్డి జిల్లాలోని వెలిమెల, ఒకవైపు బి.హెచ్.ఇ.ఎల్., పటాన్‌చెరు, పాశమైలారం పరిశ్రమలకూ, మరోవైపు ఔటర్ రింగ్ రోడ్డు వెంట పెరుగుతున్న నగరానికీ అందుబాటులో ఉన్న ఊరు. ఇటువంటి చోట సమావేశానికి వెళ్లదలచినవారికి దూరం కన్నా వేళే పెద్ద చిక్కు. బృందాలు ఎక్కువగా సాయంత్రం కూడుతాయి కనుక, సెకండ్ షిఫ్టులో ఉన్న కార్మికుడికి ఆ వారమంతా దారి మూసుకుపోతుంది. నైట్ షిఫ్టు వారం సాయంత్రం వీలైనా నిద్ర చెడుతుంది. అందువల్ల ఒకే బృందాన్ని నమ్ముకోకుండా, ఆదివారం జరిగేది ఒకటీ, డ్యూటీ దిగాక ఫోన్‌లో చేరగలిగే ఆన్‌లైన్ సమావేశం ఒకటీ కలిపి ఎంచుకోవడం షిఫ్టులవారికి మేలు. భాష కూడా చూసుకోవలసిందే: ఈ పారిశ్రామిక వాడలో తెలుగువారి పక్కనే బీహార్, ఒడిశా కూలీలు పనిచేస్తున్నారు, తన భాష కాని సమావేశంలో మనసు విప్పడం ఎవరికైనా కష్టం.

దూరం కొందరికి కలిసివస్తుంది కూడా. ఎవరు ఏ బెల్టు షాపు దగ్గర ఆగారో ఊరంతటికీ తెలిసే పల్లెలో, నలుగురి కంటా పడకుండా సమావేశానికి వెళ్లడం తేలిక కాదు. లింగంపల్లిలో రైలెక్కి సికింద్రాబాద్ దాకా వెళ్లేవారికి ఆ బెడద ఉండదు. నగరంలో చర్చి ఆవరణలూ, బడి గదులూ ఇటువంటి కూటములకు తరచుగా వేదికలవుతాయి, అయితే ఎ.ఎ. ఏ మతానికీ చెందినది కాదు. వేళలూ చోట్లూ మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు ఎ.ఎ. ఫోన్ నంబరుకు చేసి కనుక్కోవడం అవసరం. వ్యసన విముక్తికి జాతీయ ఉచిత సహాయవాణి 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416.

సమావేశం వైద్యానికి బదులు కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలై, రెండు రోజుల లోపు మూర్ఛ, ఆ తరువాత లేనివి కనిపించి వినిపించే ప్రమాదకర స్థితి రావచ్చు. కనుక మొదట రామచంద్రాపురం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం వంటి చోట వైద్యుణ్ణి కలవాలి. తెలంగాణలో దీనికి మరో మెలిక ఉంది. కల్తీ కల్లులో డైజెపామ్, అల్ప్రాజోలామ్ వంటి మత్తుమందులు కలుపుతారు గనుక, ‘కల్లే కదా’ అని తేలిగ్గా తీసుకునే వ్యక్తి మానేటప్పుడు వైద్యుడికి ఆ సంగతి తప్పక చెప్పాలి. 2015లో కల్తీ కల్లు సరఫరా తగ్గినప్పుడు ఎర్రగడ్డకు రోగులు పోటెత్తడానికి కారణం ఆ మత్తుమందులే. ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాలు డబ్బు తీసుకుని రోగిని ఉంచుకునే సంస్థలు కనుక, వాటిని ఎ.ఎ.తో కలిపి చూడరాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద అటువంటి కేంద్రం నమోదైందో లేదో చేర్చే ముందే అడగడం కుటుంబం పని.

సమావేశాల ఫలితంపై 2020లో వెలువడిన, వైద్య పరిశోధనలను మదింపు చేసే కాక్రేన్ సంస్థ సమీక్ష, 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించి, ఎ.ఎ. వైపు క్రమపద్ధతిలో నడిపించే చికిత్సలు పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఇతర ప్రసిద్ధ చికిత్సల కన్నా మెరుగని తేల్చింది. మళ్లీ తాగి వచ్చినవారిని కూడా ఎ.ఎ. గెంటివేయదు. కొత్తగా చేరినవారికి తొలి మూడు నెలలూ రోజూ ఒక సమావేశం చొప్పున వెళ్లమని పాతవారు చెబుతుంటారు, అయితే షిఫ్టుల మధ్య అది అందరికీ కుదరని మాట.

తాగేవారి భార్యలకూ, తల్లిదండ్రులకూ వేరుగా 1951 నుంచి అల్-అనాన్ అనే బృందాలున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కదిలించారు. అల్-అనాన్ అలాంటి పోరాటం కాదు, దుకాణం జోలికి పోదు. భర్త మానినా మానకపోయినా భార్య ఒక్కతే ఆ సమావేశానికి వెళ్లవచ్చు.