హంసలదీవి

'''హంసలదీవి''', ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, కృష్ణా జిల్లా, కోడూరు మండలానికి చెందిన తీరగ్రామము. కృష్ణానది పాయలలో ఒకటి ఇక్కడికి సమీపంలో బంగాళాఖాతంలో కలుస్తుంది. వేణుగోపాలస్వామి ఆలయం, పాలకాయతిప్ప సముద్రతీరం, సాగర సంగమం, మడ అడవులు ఇక్కడి ముఖ్య ఆకర్షణలు. 1977 నాటి దివిసీమ ఉప్పెనకు గురైన ప్రాంతాలలో ఇది ఒకటి.

== భౌగోళికము ==
మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ వద్ద పుట్టిన కృష్ణానది సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, అవనిగడ్డ సమీపంలోని పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలుతుంది. ఈ పాయలకు, సముద్రానికి మధ్య ఏర్పడిన భూభాగమే దివిసీమ. 'దివి' అనగా ద్వీపము. ఈ సీమకు సాగునీరు పులిగడ్డ వద్ద నదీపాయపై నిర్మించిన అక్విడక్టు ద్వారా అందుతుంది. వరిసాగు, చేపల, రొయ్యల పెంపకం, సముద్రపు వేట ఇక్కడి ప్రజల ప్రధాన వృత్తులు.

విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి నుండి దిగువకు వరదల కాలంలో తప్ప ఎక్కువ నీరు రాదు. అందువలన వేసవిలో సంగమం వద్ద నదీప్రవాహం బాగా తగ్గి, పోటు సమయంలో ఉప్పునీరు నదిలోనికి ఎగదన్నుతుంది.

== పేరు వెనుక కథ ==
ప్రజల పాపాలను కడిగి కడిగి గంగానది మలినమైనదని, విష్ణుమూర్తి ఆజ్ఞపై ఆమె కాకి రూపంలో తీర్థాలన్నిటిలో స్నానం చేస్తూ వచ్చి, ఇక్కడి సంగమంలో మునగగానే హంసగా మారినదని స్థలపురాణం. అందుచేత ఈ చోటికి హంసలదీవి అనే పేరు వచ్చినదని చెబుతారు.

== వేణుగోపాలస్వామి ఆలయము ==
రుక్మిణీ సత్యభామా సమేత వేణుగోపాలస్వామి ఇక్కడి దైవం. దేవతలు ఒక్క రాత్రిలో ఈ ఆలయాన్ని కట్టసాగారని, కోడి కూయడంతో పని ఆపి వెళ్ళిపోయారని, అందువలన గాలిగోపురం అసంపూర్ణంగా మిగిలిపోయిందని ఐతిహ్యం. మాఘ పౌర్ణమికి స్వామివారి కల్యాణోత్సవం జరుగుతుంది. ఆనాడు చుట్టుపక్కల ఊళ్ళ నుండి వేలాదిగా భక్తులు వచ్చి సముద్రస్నానం చేస్తారు. కార్తీక పౌర్ణమికి కూడా రద్దీ ఎక్కువ.

== సముద్రతీరము ==
గ్రామం నుండి కొద్ది కిలోమీటర్ల దూరంలో పాలకాయతిప్ప తీరం ఉంది. సంగమ స్థలానికి అక్కడి నుండి ఇసుక తీరం వెంట వెళ్ళవలసి ఉంటుంది. సెలవు రోజులలో, పండుగలలో తీరం జనంతో కళకళలాడుతుంది. మిగిలిన రోజులలో వలలు సర్దుకునే మత్స్యకారులే ఎక్కువగా కనిపిస్తారు.

నదీ ముఖద్వారం వద్ద ఇసుక మేటలు తరచు స్థానం మారుతుంటాయి. మోకాలి లోతున్న చోటికి పక్కనే హఠాత్తుగా లోతు ఉండవచ్చు. పాటు సమయంలో నీరు సముద్రం వైపునకు బలంగా లాగుతుంది. ఈత వచ్చినవారికి కూడా ఇది ప్రమాదకరం. సందర్శకులు సంగమం వద్ద నీటిలోనికి దిగరాదు. స్నానాలను అధికారులు అనుమతించిన చోటికే పరిమితం చేసుకొనవలెను.

== 1977 ఉప్పెన ==
1977 నవంబరు 19న వచ్చిన పెనుతుఫాను వలన సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున పొంగి, దివిసీమలో అనేక కిలోమీటర్ల లోపలికి చొచ్చుకువచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. లక్షలాది పశువులు కొట్టుకుపోయాయి. పొలాలు ఉప్పుతేలి కొంతకాలం పంటకు పనికిరాకుండా పోయాయి. సహాయ కార్యక్రమాలలో అవనిగడ్డకు చెందిన మండలి వెంకట కృష్ణారావు ప్రముఖ పాత్ర వహించారు. సినీనటులు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి విరాళాలు సేకరించారు. తరువాతి కాలంలో తీరగ్రామాలలో తుఫాను రక్షణ భవనాలు కట్టారు, సరుగుడు తోటలు పెంచారు, సముద్రపు కరకట్టను పటిష్ఠం చేశారు.

== మడ అడవులు, జీవజాలము ==
ఈ ప్రాంతపు మడ అడవులు కృష్ణా అభయారణ్యంలో భాగం. మడ, తిల్ల వంటి చెట్ల వేర్లు ఒండ్రును పట్టి ఉంచి, అలల ఉధృతిని తగ్గిస్తాయి. ఉప్పెన సమయంలో తీరగ్రామాలకు ఇవి సహజమైన అడ్డుగోడ. చేపలు, రొయ్యలు, పీతలు పిల్లలుగా పెరిగేది కూడా ఈ నీళ్ళలోనే. అందువలన చెరువుల కోసం మడను నరికితే వేటకు, ఊరి రక్షణకు కూడా నష్టం. అరుదైన బావురు పిల్లి ఈ అడవిలో నివసిస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ముఖ్యంగా జనవరి నుండి మార్చి వరకు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ కాలంలో రాత్రివేళ తీరంలో దీపాలు, వాహనాలు వాటికి హాని చేస్తాయి.

== ప్రయాణ సౌకర్యాలు ==
విజయవాడ నుండి ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా రోడ్డు మార్గం ఉంది. రేపల్లె వైపు నుండి వచ్చేవారికి పెనుమూడి - పులిగడ్డ వారధి దగ్గరి దారి. బస చేయదలచినవారు అవనిగడ్డలో దిగి ఉదయాన్నే బయలుదేరటం అనుకూలం. తాగునీరు, ఆహారం వెంట తీసుకువెళ్ళటం మంచిది. నవంబరు చివర నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలం గనుక బయలుదేరే ముందు వాతావరణ హెచ్చరికలు తెలుసుకొనవలెను.

== సమీప దర్శనీయ స్థలాలు ==
* మోపిదేవి - సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయం
* శ్రీకాకుళం (ఘంటసాల మండలం) - ఆంధ్ర మహావిష్ణువు ఆలయం
* ఘంటసాల - ప్రాచీన బౌద్ధ స్తూపం
* కూచిపూడి - నాట్యకళకు పేరుపొందిన గ్రామం