ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు పేరును ఎంతవరకు నమ్మవచ్చు?

జంషెడ్‌పూర్‌లోని అగ్రికో పేటకు ఆ పేరు ఒక సరుకు నుంచి వచ్చింది. 1920లలో ఇక్కడ పారలు, గునపాలు వంటి వ్యవసాయ పనిముట్ల తయారీ మొదలైంది. ఆ సంస్థ టాటాల చేతికి వచ్చిన తరువాత ‘టాటా అగ్రికో’ ముద్ర దేశమంతటా రైతులకు పరిచితమైంది. పారను ముద్ర చూసి కొనడంలో పెద్ద ప్రమాదం లేదు. ఇనుము మంచిదో కాదో కంటికి, చేతికి, నాలుగు రోజుల పనికి తెలిసిపోతుంది. కంప్యూటర్ పవర్ సప్లై సంగతి అలా కాదు. అది మూసి ఉన్న రేకు పెట్టె. లోపల ఏముందో కొనేవారికి కనిపించదు, అమ్మేవారికీ చాలాసార్లు తెలియదు. చెడిపోయే రోజున అది తాను ఒక్కటే పోతుందో, మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును, అందులోని పిల్లల చదువుల ఫైళ్లను కూడా వెంట తీసుకుపోతుందో ముందుగా చెప్పలేము. అందుకే ఇక్కడ ముద్రను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్నకు విలువ ఉంది.

బజారులో దీనిని ఎవరూ పవర్ సప్లై అనరు, ఎస్‌ఎంపీఎస్ అంటారు. స్విచ్ మోడ్ పవర్ సప్లై అనేదానికి అది సంక్షిప్త రూపం. గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి అందించడం దీని పని. 1995లో ఇంటెల్ రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఈ వోల్టేజీలు 5 శాతానికి మించి అటూఇటూ కాకూడదు. అంటే 12 వోల్టుల తీగలో 11.4కు తగ్గకూడదు, 12.6ను దాటకూడదు. ఆ విద్యుత్తులో ఉండే సూక్ష్మమైన అలజడి కూడా 12 వోల్టుల తీగలో 120 మిల్లీవోల్టులకు, మిగిలిన రెంటిలో 50 మిల్లీవోల్టులకు లోబడి ఉండాలి. చవక యూనిట్ ఈ హద్దులు దాటినా కంప్యూటర్ వెంటనే ఆగిపోదు. అప్పుడప్పుడు తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది, ఫైళ్లు పాడవుతాయి. ఇంట్లో వారు తప్పు విండోస్‌ది అనుకుంటారు.

ఇక పేరు సంగతి. పెట్టె మీద ముద్ర వేసిన సంస్థ ఆ పెట్టెను తయారు చేసినదే కానక్కరలేదు. ఈ రంగంలో అది సర్వసాధారణం. తైవాన్‌కు చెందిన సీసానిక్ 1975 నుంచి ఉన్న తయారీదారు. సొంత ముద్రతో అమ్ముతూనే ఇతరులకూ తయారు చేసి ఇచ్చింది. సూపర్ ఫ్లవర్, ఎఫ్‌ఎస్‌పీ కూడా ఆ కోవలోనివే. ఛానెల్ వెల్ టెక్నాలజీ పేరు సామాన్య కొనుగోలుదారు విని ఉండడు, కాని ప్రసిద్ధ ముద్రల వెనుక ఉన్న పెద్ద తయారీదారుల్లో అదొకటి. భారతీయ దుకాణాల్లో బాగా వినిపించే కోర్సెయిర్ తన యూనిట్లను ఇటువంటి వేర్వేరు సంస్థల చేత చేయిస్తుంది. ఒకే ముద్ర కింద ఒక శ్రేణి ఒక కర్మాగారంలో, మరొక శ్రేణి ఇంకొక కర్మాగారంలో తయారవుతాయి. అందువల్ల ‘ఫలానా కంపెనీ మంచిది’ అన్న మాట సగం సమాచారమే. ఏ శ్రేణి, ఏ మోడల్, ఏ సంవత్సరపు రూపం అన్నది మిగతా సగం. పదేళ్ల కిందట ఒక మోడల్ సంపాదించిన మంచిపేరు మీద అదే కంపెనీ నేడు అట్టడుగు ధర యూనిట్‌ను అమ్ముకోవచ్చు.

పెద్ద పేర్లకు ఎదురైన సమస్యలు కూడా గుర్తుంచుకోదగినవే. 2000 దశకం తొలి సంవత్సరాల్లో ప్రపంచమంతటా కంప్యూటర్ బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి పగిలిపోయాయి. నాసిరకం తయారీదారులే అందుకు కారణమని మొదట అందరూ అనుకున్నారు. అయితే డెల్ ఆప్టిప్లెక్స్ యంత్రాల్లో విఫలమైన వాటిలో జపాన్‌కు చెందిన పేరున్న నిచికాన్ సంస్థ భాగాలు కూడా ఉన్నాయి. ఆ యంత్రాల మరమ్మతుల కోసం డెల్ 2005లో 30 కోట్ల డాలర్లను లెక్కల్లో పక్కన పెట్టవలసి వచ్చింది. ‘జపాన్ కెపాసిటర్లు’ అని పెట్టె మీద అచ్చు వేయడం నేటికీ అమ్మకపు మంత్రంగానే సాగుతోంది. అది మంచి సూచనే, హామీ మాత్రం కాదు.

2020లో కోర్సెయిర్ తన చిన్న పరిమాణపు ఎస్‌ఎఫ్ శ్రేణిలో కొన్ని నెలల ఉత్పత్తిని స్వచ్ఛందంగా మార్చి ఇచ్చింది. అధిక వేడి, అధిక తేమ కలిసినప్పుడు ఆ యూనిట్లు విఫలమవుతున్నట్లు గుర్తించడమే కారణం. తరువాతి ఏడాది గిగాబైట్ వంతు వచ్చింది. గ్రాఫిక్స్ కార్డుల కొరత రోజుల్లో అమెరికాలో కార్డుతో కలిపి అంటగట్టిన 750, 850 వాట్ల మోడళ్లు పరీక్షల్లో పేలిపోతున్నాయని గేమర్స్ నెక్సస్ అనే సమీక్షా బృందం 2021 ఆగస్టులో బయటపెట్టింది. ఆ మోడళ్లకు మెరుగైన సామర్థ్యాన్ని సూచించే గోల్డ్ ధ్రువీకరణ ఉంది. భారం మితిమీరినప్పుడు యూనిట్‌ను ఆపివేయవలసిన రక్షణ వ్యవస్థ 120 నుంచి 150 శాతం భారం వరకు ఊరుకునేలా అమర్చి ఉండేది. దానిని 110-120 శాతానికి తగ్గించినట్లు ప్రకటించి, నిర్దిష్ట సీరియల్ సంఖ్యలున్న వాటిని మార్చి ఇస్తామని గిగాబైట్ చెప్పింది. సమీక్షకుల పరీక్షలు మరీ కఠినమైనవని కూడా ఆ ప్రకటనలో వాదించింది. మా దృష్టిలో ఈ రెండు ఉదంతాల్లో గమనించవలసింది లోపం కన్నా స్పందన. లోపం ఏ సంస్థకైనా రావచ్చు. దానిని తానే కనిపెట్టి చెప్పిందా, ఇతరులు బయటపెట్టాక ఒప్పుకుందా అన్నదానిలో పరపతి తేలుతుంది.

అంతటి గోల్డ్ ముద్ర ఉండీ ఇలా ఎందుకు జరిగింది? ఆ ముద్ర కొలిచేది వేరొకటి. 2004లో మొదలైన 80 ప్లస్ పథకం విద్యుత్తు వృథాను మాత్రమే లెక్కిస్తుంది. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, టైటానియం అనే మెట్లన్నీ సామర్థ్యానికి సంబంధించినవే. అందరికీ తెలిసిన వరుస అమెరికా తరహా 115 వోల్టుల వద్ద, 23 డిగ్రీల గదిలో చేసిన పరీక్ష మీద ఆధారపడినది. రక్షణ వ్యవస్థలు పనిచేస్తాయా, వోల్టేజీ అలజడి ఎంత అన్నవి దాని పరిధిలో లేవు. సైప్రస్‌కు చెందిన సైబెనెటిక్స్ సంస్థ 230 వోల్టుల వద్ద కూడా పరీక్షించి, శబ్దానికి సైతం శ్రేణులిస్తుంది. మోడల్ పేరుతో దాని నివేదిక దొరికితే చదవడం లాభదాయకం.

గోల్డ్ కొంటే కరెంటు బిల్లు బాగా తగ్గుతుందన్నది కూడా అతిశయోక్తే. లోపలి భాగాలకు 200 వాట్లు కావాలనుకుందాం. 80 శాతం సామర్థ్యమున్న యూనిట్ గోడ నుంచి 250 వాట్లు లాగుతుంది, 90 శాతం ఉన్నది 222 లాగుతుంది. రోజుకు ఆరు గంటల వాడకంలో ఏడాదికి తేడా సుమారు 61 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 366 రూపాయలు. అసలు లాభం వేడి తగ్గడంలో ఉంది. మొదటి యూనిట్ తనలోనే 50 వాట్ల వేడిని పుట్టిస్తే, రెండవది 22 వాట్లతో సరిపెడుతుంది.

ఆ వేడి విలువ మే నెలలో అగ్రికోలో ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు. బయట 40 డిగ్రీలు దాటిన రోజున, టేబుల్ కింద గోడకు ఆనించిన క్యాబినెట్‌లో ఎస్‌ఎంపీఎస్ లోపలి ఉష్ణోగ్రత చాలా ఎక్కువగా ఉంటుంది. కెపాసిటర్ ఆయువును అంచనా వేయడానికి ఇంజనీర్లు వాడే సూత్రం ఒకటుంది: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయువు రెట్టింపు, పెరిగితే సగం. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలకు రూపొందించిన కెపాసిటర్ 65 డిగ్రీల్లో 32,000 గంటలు పనిచేయాలి. రోజుకు ఆరు గంటల చొప్పున అది 14 ఏళ్లకు పైమాటే. చవక యూనిట్లలో కనిపించే 85 డిగ్రీల రకానికి అదే చోట దక్కేది 8,000 గంటలు, అంటే మూడున్నరేళ్లు. లోపలి వేడి 75కు చేరితే అదీ సగమవుతుంది. రెండు పెట్టెలూ బయటికి ఒకేలా ఉంటాయి.

కరెంటు విషయంలో అగ్రికో అదృష్టవంతమైన పేట. టాటా స్టీల్ ఆజమాయిషీలోని ప్రాంతానికి దాని అనుబంధ సంస్థ, జనం నోట నేటికీ జుస్కోగానే ఉన్నది, విద్యుత్తును పంపిణీ చేస్తుంది. సువర్ణరేఖ దాటి మాంగోకు వెళితే సరఫరా జార్ఖండ్ బిజలీ వితరణ్ నిగమ్‌ది. అక్కడ కోతలూ హెచ్చుతగ్గులూ ఎక్కువ. ఒకే దుకాణంలో ఒకే యూనిట్ కొన్న ఇద్దరు బంధువులకు ఈ వంతెన అటూఇటూ వేర్వేరు అనుభవాలు కలగవచ్చు. వేసవి గాలివానల్లో పడే పిడుగులకు మాత్రం ఏ పేటా మినహాయింపు కాదు. ఉరుములు వినిపించగానే ప్లగ్గు పీకడం, ఇంటర్నెట్ తీగను కూడా తీయడం, ఎంత ఖరీదైన యూనిట్‌కైనా అవసరమే.

పాత ఇళ్లలో ఎర్తింగును తప్పక పరీక్షింపజేయాలి. క్యాబినెట్ రేకును తాకితే వేళ్లు జివ్వుమంటున్నాయంటే చాలామంది ఎస్‌ఎంపీఎస్ చెడిందని మారుస్తారు. ఎర్తు తీగ లేనిచోట లోపలి వడపోత కెపాసిటర్ల వల్ల రేకు మీద సరఫరా వోల్టేజీలో దాదాపు సగం తేలుతుంది. పెట్టె ఎన్నిసార్లు మార్చినా అది పోదు. పిలవవలసింది వైరింగు చేసే ఎలక్ట్రీషియన్‌ను.

యూపీఎస్ ఉన్నవారు ఇంకొక సంగతి చూసుకోవాలి. కరెంటు పోయాక సాధారణ యూపీఎస్ బ్యాటరీకి మారడానికి నాలుగు నుంచి పది మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ లోపు యంత్రాన్ని నిలిపి ఉంచవలసింది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్. ఏటీఎక్స్ సూచనల్లో ఈ నిలుపు సమయం పూర్తి భారం వద్ద చాలాకాలం 16-17 మిల్లీసెకన్లుగా ఉంది. చవక యూనిట్లలో ముందుగా చిన్నదయ్యే భాగం ఈ కెపాసిటరే. యూపీఎస్ ఉండగానే కంప్యూటర్ ఆగిపోతుంటే అనుమానించవలసింది బ్యాటరీని ఒక్కదానినే కాదు. ఇంటి ఇన్వర్టర్‌కు కలిపినవారు దానిని యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి. మామూలు మోడ్‌లో మారే సమయం ఇంకా ఎక్కువ.

ఎన్ని వాట్లు కావాలన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న, నిజానికి తేలికైనది. గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటి కంప్యూటర్‌కు 400-450 వాట్ల నిజమైన యూనిట్ చాలు, మధ్యస్థపు కార్డు ఉంటే 550-650. ‘నిజమైన’ అనడానికి కారణం లేబుల్‌లో ఉంది. పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంటుంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల ఎదురుగా 25 ఆంపియర్లు అని ఉంటుంది. రెంటినీ గుణిస్తే 300. ప్రాసెసరు, కార్డు నడిచేది ఈ 12 వోల్టుల మీదే కనుక ఆ యూనిట్ పనికివచ్చే శక్తి 300 వాట్లే.

సాక్చిలోనో, బిష్టుపూర్‌లోనో కంప్యూటర్ అసెంబుల్ చేయించేటప్పుడు బిల్లు మీద ప్రాసెసరు, ర్యామ్ పేర్లు వివరంగా ఉండి, ఎస్‌ఎంపీఎస్ దగ్గర వాట్లు మాత్రమే రాసి ఉండటం మామూలే. కొన్నిసార్లు అది క్యాబినెట్‌తో పాటు ఉచితం అంటారు. ధర తగ్గించమని బేరమాడినప్పుడు ముందుగా కోత పడేదీ ఇక్కడే, ఎందుకంటే దీనివల్ల యంత్రం వేగం ఏమీ తగ్గినట్లు కనిపించదు. అందుకని తయారీ సంస్థ, మోడల్, సీరియల్ సంఖ్య బిల్లులో రాయించుకోవాలి. లేబుల్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ఐఎస్ 13252, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నమోదు సంఖ్య ఉన్నాయా అని చూడాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన పేరు పెట్టె మీది వివరాలతో సరిపోలిందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. అది భద్రతకు సంబంధించిన నమోదు. నాణ్యతకు యోగ్యతాపత్రం కాదు.

వారంటీ ఎన్నేళ్లో చెప్పే సంఖ్య సంస్థకు తన సరుకు మీదున్న నమ్మకానికి ఒక కొలత. చవక వాటికి ఏడాది, రెండేళ్లు. కోర్సెయిర్ ఆర్‌ఎంఎక్స్ శ్రేణికి పదేళ్లు, సీసానిక్ ప్రైమ్‌కు పన్నెండు. అయినా చెడిన యూనిట్‌ను జంషెడ్‌పూర్‌లోనే తీసుకుంటారా, రాంచీకో కోల్‌కతాకో పంపాలా, రవాణా ఖర్చు ఎవరిది అని కొనకముందే అడగాలి. మార్చి ఇచ్చినప్పుడు వేరే మోడల్ వస్తే దానితో వచ్చిన కేబుళ్లనే వాడాలి. విడదీయగల కేబుళ్లలో ఎస్‌ఎంపీఎస్ వైపు అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. అదే ముద్ర ఉన్న పాత కేబుల్ సరిగ్గా దిగినా 5 వోల్టుల చోట 12 వోల్టులు వెళ్లి డిస్కు క్షణంలో కాలిపోవచ్చు. ఇక చెడిన యూనిట్‌ను ఇంట్లో విప్పడం వద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

బిల్లు ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. వారంటీ నిరాకరించినా, లేబుల్‌కూ సరుకుకూ పొంతన లేకపోయినా జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే, అమ్మిన సంస్థ బెంగళూరులో ఉన్నా ముంబైలో ఉన్నా, అగ్రికో నివాసి తాను ఉండే తూర్పు సింగ్‌భూమ్ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేసుకునే వీలును ఆ చట్టం కల్పించింది.