బొగ్గుబాయి పుట్టిచ్చిన ఊర్లు

ఇనుండ్రి బిడ్డా, ఒకప్పుడు బెల్లంపల్లి అంటే పెద్ద బజారు. అంతకుముందు మా నాయిన వచ్చిననాడు చుట్టూ అడివే.

అసలు ముచ్చట ఇల్లెందు కాడ మొదలైంది. 1871ల విలియం కింగ్ అనే భూగర్భ సర్వే దొర అక్కడ బొగ్గున్నదని తేల్చిండు. ఉంటే ఏం లాభం, మోసేటందుకు రైలు కావాలె గద! డోర్నకల్ కాడికెళ్లి పట్టాలు పడ్డయి, 1889ల తవ్వుడు షురువైంది. పక్కనున్న సింగరేణి ఊరి పేరే 1920ల బొగ్గు తవ్వే కంపెనీ పేరైంది. తర్వాత బెల్లంపల్లి, కొత్తగూడెం, 1961ల గోదావరిఖని.

జనం ఎందుకొచ్చిండ్రంటరా? ఊర్లల్ల కరువు, దొరల వెట్టి. ఇక్కడ చేసిన పనికి చేతిల పైసలు పడేటియి. కరీంనగర్ పల్లెలోళ్లు, కోస్తావోళ్లు, గోరఖ్‌పూర్ వోళ్లు గూడ వచ్చిండ్రు. తట్ట, చెమ్మాసు అనే పార పట్టుకొని బాయి దిగి బొగ్గు టబ్బులు నింపేటోళ్లం. పైకొచ్చినంక కండ్లు, పండ్లే తెల్లగ కనబడేటియి.

జీతాల దినం చూడాలె! పొద్దుగూకంగ బజార్ల అడుగు పెట్ట సందుండకపోయేది. కిరాణపోడు ఖాతా బుక్కు తెరిచి కూసునేది, బట్టలోడు పిలిచేది, కల్లు కాంపౌండు నిండేది. ఒక్కడు బాయి దిగితే పైన పదిమందికి బువ్వ.

1990 దాటినంక కథ మారింది. అప్పుడు సింగరేణిల లక్షకు పైన కొలువులు, ఏడాదికి 2 కోట్ల టన్నుల దగ్గర బొగ్గు. ఇప్పుడు బొగ్గు 6 కోట్ల టన్నులు దాటింది, కొలువులేమో 40 వేల దగ్గరికి దిగినయి. ఓపెన్‌కాస్టులు, మిషన్లు వచ్చినయి. గోల్డెన్ హ్యాండ్‌షేక్ కింద ఎందరో పైసలు తీసుకొని దిగిపోయిండ్రు. మన దగ్గర బాయిలు మూతపడ్డయి. 2001 నుంచి 2011 దాకా జనం లెక్క చూస్తే బెల్లంపల్లి పెరగలే, తగ్గింది. క్వార్టర్లు ఖాళీ అయినయి, కిరాణపోడు గూడ మంచిర్యాలకు పోయిండు.

భూమిల ఎంత బొగ్గున్నా, ఊరు నిలిచేది కూలోని జీతం మీదనే. బాయి నడిచే ఊర్లోళ్లు ఇది యాదిపెట్టుకోవాలె. జీతాలు వస్తున్నప్పుడే పిల్లలకు ఇంకో పని నేర్పియ్యాలె, ఊరికి ఇంకో కార్ఖాన తెచ్చుకోవాలె. బాయి మూసినంక ఎవల్ని అడిగినా వచ్చేది లేదు.